వాసన చూసి రా

విస్కీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు నోరు కొంచెం తెరిచి ఉంచాలి. నోరు మూసుకుని పీలిస్తే ఘాటు తప్ప ఇంకేమీ అందదు. స్కాట్లాండులో ఒక డిస్టిలరీలో పనిచేసే పెద్దాయన మా గుంపుకి ఈ సంగతి చెబుతూ నా దగ్గర ఆగి, మీకు ముందే ఎవరో నేర్పినట్టున్నారే అన్నాడు. నేర్పారు. మా అమ్మ నేర్పింది. నందిగామలో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మా నాన్న నోటి దగ్గర. ఇదంతా ఆయనకి ఇంగ్లీషులో ఏం చెప్పను? నవ్వి, గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

నా ఉద్యోగం సంగతి ముందే చెప్పేస్తాను. దేశాలు తిరిగి విస్కీలు రుచి చూసి, వాటి మీద ఒక ఇంగ్లీషు వెబ్‌సైటుకి రాస్తాను. ఒక్కోదానికి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తాను. మింగను. నోట్లో తిప్పి పక్కనున్న చిన్న బకెట్లో ఉమ్మేస్తాను. అంత మంచి సరుకు ఉమ్మేస్తావా అని హైదరాబాదులో స్నేహితులు గుండెలు బాదుకుంటారు. నందిగామలో చెబితే ఏమంటారో తెలుసుకునే ధైర్యం పదేళ్ళుగా నాకు రాలేదు. అమ్మకి తెలిసినంత వరకు నేను ఫుడ్ క్వాలిటీలో పని చేస్తున్నాను. అది పూర్తిగా అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

అమ్మ ఎవరో తెలిస్తే నా భయం అర్థమవుతుంది. వీరులపాడు దగ్గర ఒక పల్లెలో ఆమె ఎలిమెంటరీ స్కూలు టీచరు. రోజూ నందిగామ నుంచి బస్సులో వెళ్ళి వచ్చేది. సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో ఆ పల్లె ఆడవాళ్ళందరినీ కూడగట్టి సారా కొట్టు మీదికి తీసుకెళ్ళింది. నన్నూ వెంటబెట్టుకెళ్ళింది. సంచుల కొద్దీ ప్యాకెట్లు బయటికి లాగి, కొడవళ్ళతో కోసి రోడ్డు మీద పారబోశారు. ఎండకి కాగిన మట్టి మీద సారా పడి పైకి లేచిన వాసనకి ఆడవాళ్ళంతా కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. నేను పెట్టుకోలేదు. నాకు ఆ వాసన నచ్చింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఊరి మగవాళ్ళ చేత మాన్పించింది కాని, ఇంట్లో మనిషి చేత మాన్పించలేకపోయింది. నాన్నకి జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో డ్యూటీ. సాయంత్రం డ్యూటీ దిగి, పేటలో బస్సెక్కి నందిగామ వచ్చేవాడు. గేటు చప్పుడు వినగానే అమ్మ వంటింట్లోంచి కదలకుండా, "వెళ్ళి వాసన చూసి రా," అనేది నాతో. నేను పరిగెత్తేదాన్ని. నాన్న వంగి నన్ను ఎత్తుకునేవాడు. ఆయన ఖాకీ చొక్కా నిండా తెల్లటి దుమ్ము, చెమట. నోరు తెరిస్తే లవంగాలు. పేట బస్టాండులో నాలుగు లవంగాలు కొనుక్కుని బస్సంతా నమిలేవాడు. లవంగం వాసన ముందు వచ్చేది. ఒక్క క్షణం ఆగి, నోరు కొంచెం తెరిచి పీలిస్తే దాని కిందున్న రెండోది వచ్చేది.

"ఏంటమ్మలూ, ఏమన్నా వచ్చిందా?" అని చెవిలో అడిగేవాడు నాన్న. అడిగేటప్పుడు నా మొహం వంక చూసేవాడు కాదు.

మొదట్లో ఒకసారి నిజమే చెప్పాను. ఆ పూట అమ్మ నాన్నకి అన్నం పెట్టలేదు. నాన్న విప్పిన చొక్కా మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయాడు. మూడు రోజుల వరకు రాలేదు. ఆ తర్వాత నేనెప్పుడూ నిజం చెప్పలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏం లేదమ్మా. లవంగాలు తిన్నాడు," అనేదాన్ని. అమ్మ మరో మాట అడగకుండా మూడు కంచాలు పెట్టేది. క్లాసులో పిల్లలు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషిని ఇంత తేలిగ్గా మోసం చేస్తున్నానని లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

నేను పదో తరగతికి వచ్చేసరికి నాన్న కళ్ళు పచ్చబడ్డాయి. అప్పటికి నన్ను ఎత్తుకునే వయసు దాటిపోయింది కాని, అమ్మ పంపడం మానలేదు. ఒకరోజు సాయంత్రం గేటు దగ్గర నాన్న నన్ను చూసి తల దించుకున్నాడు. దగ్గరికి వెళ్ళకముందే వాసన కొట్టింది. అయినా వెనక్కి తిరిగి వచ్చి అదే మాట చెప్పాను. రెండో రోజు తెల్లారి రక్తం కక్కుకున్నాడు. కారులో బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పరిటాల దాటేదాకా మాట్లాడుతూనే ఉన్నాడట. ప్రాణంతో తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం నిజం చెప్పి ఉంటే అమ్మ గొడవ చేసేది, ఆ గొడవలో ఎవరో ఒకరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు, నాన్న బతికేవాడు. ఇదీ నా లెక్క. ఇందులో తప్పెక్కడుందో డాక్టర్లు ఇద్దరు నాకు విడమరిచి చెప్పారు. లివరు రెండు రోజుల్లో పాడైపోదని నాకూ తెలుసు. తెలిసీ ఏం లాభం?

అప్పటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేను. కాలుగాలిన పిల్లి అని అమ్మ నన్ను తిడుతుంది. తిట్టు కాదది, ఉన్నమాటే. హోటల్ గదిలో మూడోరోజు ఉదయం కల్లా పెట్టె సర్దేసి ఉంటుంది. స్కాట్లాండు దీవుల్లో, ఎండబెట్టిన బురదమట్టి గడ్డలు కాల్చి ఆ పొగ పట్టించిన విస్కీ తాగి అందరూ సముద్రం, పొగమంచు అని రాసుకుంటుంటే, నాకు వాన పడ్డాక మండీమండని పిడకల పొయ్యి గుర్తొచ్చింది. జపానులో ఒక చెక్క పీపాలోంచి తీసింది ముక్కు దగ్గర పెట్టుకుంటే సాంబ్రాణి. తైవాను ఎండలు మన పేట ఎండల్లాగే ఉంటాయి, అందుకని అక్కడి విస్కీకి తొందరగా వయసొస్తుంది. ఇంట్లో గొడవల మధ్య పెరిగిన ఆడపిల్లలా నాలుగేళ్ళకే పెద్దదైపోతుంది. ఇవేవీ నేను వెబ్‌సైటులో రాయను. ఎండుద్రాక్ష, తేనె, తోలు అని అందరూ రాసే మాటలే రాసి, విమానం ఎక్కేస్తాను.

ఒక్క విషయంలో మాత్రం దొరికిపోయాను. కొన్ని రకాల చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఊరిన విస్కీకి సహజంగానే లవంగం వాసన వస్తుంది. అది మంచి లక్షణమే, దాని కోసం వెతుక్కుని కొనేవాళ్ళున్నారు. అలాంటిది దేనికీ నేను డెబ్బై దాటి మార్కులు వేయలేదట. మా ఎడిటరు పాత రివ్యూలన్నీ తిరగేసి, లవంగంతో మీకేమిటండీ గొడవ అని అడిగింది. ఒంటికి పడదని చెప్పాను. లవంగం వాసన రాగానే దాని కింద ఇంకేదో దాచారని నా ముక్కు అనుకుంటుంది. నేనేం చెయ్యను?

మొన్న ఎండాకాలంలో హైదరాబాదులో ఒక పొద్దున ఆరు శాంపిళ్ళు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆరోది ఉమ్మేసి నీళ్ళు పుక్కిలిస్తుంటే అమ్మ ఫోను.

"ఇవాళే బయల్దేరి రా," అంది.

"ఏమైందమ్మా?"

"వచ్చాక మాట్లాడదాం." పెట్టేసింది.

ఫోనులో మెసేజీలు చూస్తే సంగతి తెలిసింది. ఐర్లండులో నేను గ్లాసు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ముక్కుతో పీలుస్తున్న వీడియో ఒకటి మా చర్చి వాళ్ళ వాట్సాప్ గ్రూపుకి చేరింది. అమ్మ ఆ చర్చి స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. కొత్తగా చేరే ఆడవాళ్ళ చేత, మా ఇంటి గడప లోపలికి మందు రానివ్వం అని ప్రమాణం చేయించేది ఆవిడే. రిటైరయ్యాక ఆమెకున్న పని, పరువు, నలుగురు మనుషులు అన్నీ అదే.

బస్సెక్కాను. కిటికీ పక్క సీటులో కాసేపు, ముందు సీటులో కాసేపు, మళ్ళీ వెనక్కి. కండక్టరు చూసి, "ఏంటమ్మా, సీట్లో మేకులేమన్నా ఉన్నాయా?" అన్నాడు. అమ్మకి చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటున్నాను. ఒక్కటీ నిలబడట్లేదు. పళ్ళు రెండుసార్లు తోముకున్నాను, అయినా ఆరు రకాల వాసన నాలుక మీదే ఉంది. పేట బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. దిగి, ఎదురుగా కనిపించిన కిళ్ళీకొట్టుకి వెళ్ళి లవంగాలు అడిగి తీసుకుని, నాలుగు నోట్లో వేసుకున్నాను. ఘాటు ముక్కుకెక్కాక గాని ఏం చేశానో నాకు తెలియలేదు. బయట సిమెంటు లారీలు వరసగా పోతున్నాయి. లవంగాలు ఉమ్మేద్దామనుకున్నాను. జీవితమంతా ఉమ్మేయడమే పనిగా బతికినదాన్ని, ఆ నాలుగు లవంగాలు ఉమ్మలేకపోయాను. నమిలాను. నందిగామ దాకా నమిలాను.

అమ్మ మేడ మీది వరండాలో గోంగూర ఒలుస్తోంది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో సమాజం సెక్రటరీ కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను ఉంది.

"వందనాలండీ," అన్నాను.

"వందనాలమ్మా," అని ఆవిడ అమ్మ వైపు తిరిగింది. "నేనేమీ అనట్లేదు టీచర్ గారూ. గ్రూపులో అందరూ అడుగుతున్నారు. ప్రమాణం చేయించే ప్రెసిడెంటు గారి ఇంట్లోనే అమ్మాయి తాగిద్దంట అంటే, ఏం చెప్పమంటారు? ఆదివారం ప్రార్థన మీరే పెట్టాలిగా."

అమ్మ లేచింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఇట్రా," అంది నాతో.

వెళ్ళాను. నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. నాకు నలభై దాటాయి, అమ్మ నా భుజం దాకానే వస్తుంది, అయినా ఎనిమిదేళ్ళదాన్ని అయిపోయాను. "నోరు తెరువు," అంది. తెరిచాను. ఆమె ముక్కు నా పెదాలకి దగ్గరగా వచ్చింది. ఒకసారి పీల్చింది. ఆగింది. తన నోరు కొంచెం తెరిచి, రెండోసారి పీల్చింది. అయిపోయిందనుకున్నాను.

"ఏం లేదండి. లవంగాలు తింది," అంది అమ్మ.

సెక్రటరీ నన్ను చూసింది, అమ్మని చూసింది. "మరి ఆ వీడియో..."

"అది దాని ఉద్యోగం. వాసన చూసి చెప్పిద్ది. చిన్నప్పటి నుంచి దానికదే పని." అమ్మ మళ్ళీ కింద కూర్చుని గోంగూర అందుకుంది. "ఆదివారం ప్రార్థన మాత్రం ఈసారి మీరు పెట్టండి. నాకు గొంతు బాగాలేదు."

అమ్మ గొంతు బాగానే ఉంది. అబద్ధం ఆడిన నోటితో ప్రార్థన పెట్టదు, అంతే. సెక్రటరీ గారు మజ్జిగ తాగి మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను నిలబడే ఉన్నాను.

"లవంగాలు నమిలితే పోదే పిచ్చిదానా," అంది అమ్మ తలెత్తకుండా. "ఇంకా ఎక్కువ తెలిసిద్ది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తండ్రీ కూతుళ్ళిద్దరూ ఇద్దరే."

"నాన్నప్పుడు కూడా నీకు తెలిసేదా?"

"గేటు తీసినప్పుడే వంటింట్లోకి వచ్చేది వాసన."

"మరి నన్నెందుకు పంపించావు?" నా గొంతు లేచింది. కింద వాటాలోవాళ్ళకి వినపడి ఉంటుంది. "అంత తెలిసినదానివి, నన్నెందుకు పంపించావమ్మా? నువ్వే వెళ్ళి చూసుకోవచ్చుగా? నా అబద్ధం వల్లే నాన్న పోయాడని ఇన్నేళ్ళూ కాళ్ళు నిలవక దేశాలు పట్టుకు తిరుగుతున్నానే, నీకేం తెలుసు?"

అమ్మ చేతిలో కాడ ఆగిపోయింది. తలెత్తింది. ఆ మొహంలో కోపం వెతికాను, లేదు. ఇంత పని జరిగిందా అన్నట్టు చూసింది.

"నేనెళితే గొడవయ్యేది," అంది. "నువ్వెళితే, పసిపిల్ల ముందు సిగ్గుపడి ఒక్కరోజన్నా మానతాడేమోనని పంపించా. మానలా. నువ్వొచ్చి లేదనేదానివి. సరేలే, ఈ పూటకి ముగ్గురం అన్నం తిందాంలే అనుకునేదాన్ని. నీ అబద్ధం నాక్కూడా కావాల్సొచ్చేది."

నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. అమ్మ గోంగూర కట్టలో సగం నా ముందుకి తోసింది. కాసేపు ఇద్దరం ఒలిచాం.

"ఆ చివరిసారి," అంది అమ్మ. "మీ నాన్న గేటు దగ్గర తల దించుకున్న రోజు. వంటింటి కిటికీలోంచి చూశాలే. వాసన వచ్చిందా?"

ఇన్నేళ్ళలో మొదటిసారి నిజం చెప్పాను.

"వచ్చిందమ్మా."

"నాకూ వచ్చింది," అంది అమ్మ. "అన్నం పెట్టా."