నాలుగో ప్రశ్న లేని ఇల్లు

కినుయె వంట చేసిన ఇంట్లో మూడే ప్రశ్నలు. అమ్మ నుంచి ఏం పొందావు? ఆమెకు తిరిగి ఏమిచ్చావు? ఆమెను ఏం కష్టపెట్టావు? అమ్మ వంతు అయ్యాక నాన్న, ఆ తర్వాత భర్త, అత్త, తోడబుట్టినవాళ్ళు.

కొండ కింద మా ఊళ్ళో ఉన్న ఆ ఇంటికి మనుషులు ఏడు రోజులకని వచ్చేవారు. గది మూలన మడత తెర నిలబెట్టి, దాని వెనక మూడడుగుల జాగాలో చాప మీద కూర్చుని, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆ మూడింటినే ధ్యానించేవారు. రెండు గంటలకోసారి హిరాసే గురువుగారు వచ్చి, తెర ముందు నేలకు నుదురు ఆనించి, "ఇప్పుడు ఏం చూశారు?" అని అడిగేవారు. చెప్పింది వినేవారు. మంచీ చెడూ అనకుండా మళ్ళీ నుదురు ఆనించి వెళ్ళిపోయేవారు. భోజనం కూడా తెర వెనకకే. తినేటప్పుడు మనసు పక్కకు పోకుండా, అంతకుముందు కూర్చున్నవాళ్ళు ఏడుస్తూ చెప్పుకున్న మాటల టేపులు వినిపించేవాళ్ళం. తెరలు మోయడం, పడకలు వేయడం, టేపులు పెట్టడం నా పని. ఇరవై ఆరేళ్ళు చేశాను.

కినుయె మొదట అక్కడికి వంటకు రాలేదు, కూర్చోవడానికే వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. పక్క లోయలో సన్న సేమియా చేసే ఇంటి కోడలు. ఆ సేమియా ఎముకలు కొరికే చలిలోనే బాగా ఆరుతుంది. ఒక జనవరి ఉదయం, ఆరేసిన పోగులు తెగిపోయాయని అత్త తొయొ, పోగులు విడదీసే పొడవాటి వెదురు పుల్లలతో కోడలి ఎడమచేతి మీద కొట్టింది. రెండు వేళ్ళు మళ్ళీ వంగలేదు. కినుయె పుట్టింటికి పారిపోయింది. నాలుగోనాడు, చిసాతో అనే తన రెండేళ్ళ కూతురి కోసం తిరిగొస్తే గుమ్మంలోనే ఆపేశారు.

"పెట్టినదాని విలువ తెలియనిదాన్ని గడప ఎక్కనివ్వను," అంది తొయొ. "హిరాసే గారింటికి పోయి ఏడు రోజులు కూర్చో. కృతజ్ఞత నేర్చుకుని రా. పిల్ల ఎక్కడికీ పోదులే."

భర్త యసూజి చేతులకంటిన పిండి గీక్కుంటూ నిలబడ్డాడు.

మొదటి రెండు రోజులూ కినుయెకు ఏమీ కనిపించలేదు. మూడోనాడు గురువుగారిని అడిగేసింది.

"నాలుగోది లేదా గురువుగారూ? వాళ్ళు నన్ను పెట్టిన కష్టం?"

"అది ఎవరూ అడగక్కర్లేదమ్మా. అందరికీ కంఠతా వచ్చు," అన్నారాయన.

ఆయన చెడ్డవాడు కాడు. తాగి తల్లిని కొట్టిన కొడుకులు ఆ తెర వెనక కరిగిపోయి, ఇంటికి వెళ్ళి ఆ తల్లి కాళ్ళు పట్టడం నేను చూశాను. పద్ధతి పనిచేసేది. అది ఎవరిమీదైనా పనిచేసేది.

ఐదోనాడు కినుయె మీదా పనిచేసింది. ఆ మాటలు టేపుకెక్కించింది నేనే.

"అత్తయ్య నుంచి పొందింది... కాన్పయ్యాక నాకు పాలు పడకపోతే ఆవిడే పూటపూటకీ గంజి కాచి పాపకు పట్టారు. నేను తిరిగి ఇచ్చింది ఏమీ లేదు. కష్టపెట్టింది... పాపను వదిలేసి పోయాను. నాకంటే అత్తయ్య దగ్గరే పాప బాగుంటుంది. ఈ వేళ్ళు పోయినందుకు కూడా కృతజ్ఞురాలిని. ఆ దెబ్బతో నా పొగరు దిగింది."

ఈ మాటలు మిగతావాళ్ళకు వినిపించవచ్చా అని గురువుగారు అడిగారు. కినుయె ముఖం కడిగిన పళ్ళెంలా ఉంది.

"వినిపించండి. మా అత్తయ్యకూ ఒకటి పంపండి. వింటే ఆవిడ మనసు కరుగుతుంది."

నకలు తీసి పోస్టు చేసిందీ నేనే.

ఏడోనాడు కినుయె మూటతో వెళ్ళింది. తొయొ ఈసారి గుమ్మం దాటి బయటికొచ్చి మరీ మాట్లాడిందట.

"విన్నానమ్మా. బాగా నేర్చుకున్నావు. పిల్ల నా దగ్గరే బాగుంటుందని నీ నోటితోనే అన్నావుగా. ఇంకేం కావాలి?"

విడాకుల కాగితం సిద్ధంగా ఉంది. కినుయె సంతకానికి బదులుగా తన పేరు ముద్ర వేసింది. సాయంత్రం బస్సులో హిరాసే గారింటికే తిరిగొచ్చింది. గురువుగారి భార్య వంటగది చూపించింది.

"ఇంకెక్కడికైనా పోకూడదా?" అని అడిగాను ఒకసారి.

"ఆ ఇంట్లో పెళ్ళి కుదిరిన ఆడపిల్లని ముందు ఇక్కడికి పంపుతారు. మా ఆడపడుచునూ పంపారు. నా పిల్లనీ పంపుతారు."

ఇరవై ఒక్క ఏళ్ళు ఎదురు చూసింది. ఆమె టేపు బాగుంటుందని అందరూ అనేవారు. వారానికోసారైనా పెట్టాల్సి వచ్చేది. తన గొంతు వినబడగానే కినుయె ముల్లంగి తరుగుతూ నవ్వేది. "మళ్ళీ మొదలెట్టింది మహాతల్లి. ఇవాళ చారులో ఉప్పు వేయక్కర్లేదు."

పని అయ్యాక వంటగదిలో గోడవైపు తిరిగి కూర్చుని ఆమె కూడా మూడు ప్రశ్నలూ వేసుకునేది. కూతురి గురించే. రెండేళ్ళ పిల్ల నుంచి పొందింది ఎంతుంటుంది? "నా చెవి పట్టుకుని నిద్రపోయేది. నా వీపు మీద వెచ్చగా ఉండేది," అనేది. ఆ రెండింటినే ఇరవై ఒక్క ఏళ్ళు తిప్పి తిప్పి తలుచుకుంది.

చివరికి ఆ పిల్ల, చిసాతో, వచ్చింది. ఏప్రిల్‌లో పెళ్ళట. పొడుగు, తండ్రి పోలిక. ఆ పూట కినుయె చేతులకు వంటింటి గుడ్డ తొడుగులు వేసుకుంది, వేళ్ళు కనబడకుండా.

"నా టేపు పెట్టు," అంది నాతో.

"రెండేళ్ళప్పుడు విన్న గొంతు దానికేం గుర్తుంటుంది?"

"నువ్వు పెట్టు."

పెట్టాను. కినుయె భోజనం పళ్ళెం తీసుకెళ్ళి తెర లోపల పెట్టింది. కూర్చున్నవాళ్ళతో మాట్లాడకూడదు. అయినా మోకాళ్ళ మీద అలాగే ఉండి, మెల్లగా అడిగింది.

"ఈ గొంతు ఎక్కడైనా విన్నావా తల్లీ?"

"వినకపోవడమేమిటి?" చిసాతో ఊరగాయ ముక్క కొరుకుతూ అంది. "మా అమ్మ. ఈ టేపు మా ఇంట్లోనూ ఉంది. ప్రతి పుట్టినరోజుకీ నాయనమ్మ పెట్టి వినిపిస్తుంది. కంఠతా వచ్చు నాకు."

టేపుతోపాటు ఆ పిల్ల పెదవులు కదిలాయి. నాకంటే అత్తయ్య దగ్గరే పాప బాగుంటుంది.

"మీకు జలుబు చేసినట్టుంది పెద్దమ్మా. గొంతు పోయింది."

"ఉల్లిపాయలమ్మా. తిను, చల్లారిపోతుంది."

వంటగదిలోకొచ్చి కినుయె నాతో అంది: "ఏడోనాడు చెబుతాను. వారమంతా అమ్మ గురించే కూర్చుంటుంది కదా. ఆ మొదటి రెండేళ్ళలోది ఏదో ఒకటి కనబడకపోదు."

ఆరోనాడు సాయంత్రం గురువుగారు తెర ముందు వంగినప్పుడు, కినుయె పళ్ళెంతో ఆయన వెనకే ఉంది. చిసాతో ఏడుస్తోంది. అది పైపై ఏడుపు కాదు. అక్కడ ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసినవాడికి తేడా తెలుస్తుంది.

"అమ్మ నుంచి పొందింది... ఆమె వెళ్ళిపోవడం. వెళ్ళిపోయింది కాబట్టే నాకు నాయనమ్మ దక్కింది. ఇన్నాళ్ళూ అమ్మంటే కోపంగా ఉండేది. ఇవాళ మొదటిసారి ఆమెకు మొక్కాలనిపించింది. తిరిగి ఇచ్చింది ఏమీ లేదు. వెతక్కుండా, పెళ్ళికి పిలవకుండా, ఆమె మానాన ఆమెను ఉండనివ్వడమే ఇవ్వగలను. కష్టపెట్టింది... నేను పుట్టకపోతే ఆమె వేళ్ళు బాగుండేవేమో."

గురువుగారు నుదురు నేలకు ఆనించారు. ఆ పిల్ల ఎవరో ఆయనకు తెలుసు. లేచి, కినుయె వైపు చూడకుండా పక్కనుంచి వెళ్ళిపోతూ, ఆ మాటల టేపు మేం ఉంచుకోవచ్చేమో ఆ పిల్లను అడగమని నాకు చెప్పారు. చిసాతో సంతోషంగా ఒప్పుకుంది.

ఏడోనాడు పొద్దున గుమ్మం దగ్గర కినుయె ఆ పిల్ల చెప్పులు తుడిచి, బయటి వైపు తిప్పి పెట్టింది. చెప్పుల్లో కాలు దూర్చడానికి చిసాతో చేయి ఆసరాకోసం చాపింది. కినుయె తొడుగు తీసేసి తన ఎడమచెయ్యి అందించింది.

ఆ పిల్ల వంగని రెండు వేళ్ళను చూసింది. ముఖంలోకి చూసింది. చూడటానికి చాలాసేపు పట్టింది. అర్థమైందని నాకూ తెలిసింది, కినుయెకూ తెలిసింది. అప్పుడు ఆ పిల్ల చేయి విడిపించుకుని, గురువుగారు చేసినట్టే మోకాళ్ళ మీద కూర్చుని, గుమ్మం చెక్కకు నుదురు ఆనించింది.

"వెళ్ళిపోయినందుకు కృతజ్ఞురాలిని," అంది.

లేచి బస్సు వైపు నడిచింది. మలుపు దగ్గర కూడా తిరిగి చూడలేదు. ఇస్తానన్నది ఇచ్చేసింది.

మరుసటి వారం కొత్తవాళ్ళకు టేపులు తీస్తూ నేను చిసాతోది పక్కకు పెట్టేశాను. కినుయె గరిటె పట్టుకునే వచ్చింది.

"దాన్నే పెట్టు."

"ఎందుకమ్మా, నిన్ను నువ్వు..."

"దాని గొంతు నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? పెట్టు."

పెట్టాను. మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ. నెల తిరిగేసరికి, ముల్లంగి తరుగుతున్న కినుయె పెదవులు టేపుతోపాటు కదలడం చూశాను. ఒక్క మాట కూడా తప్పలేదు.