ఐసుకి గడి లేని రిజిస్టరు

పద్నాలుగు పలకలు, నూట ఎనభై రెండు మీటర్ల నల్ల కార్బన్ గుడ్డ, యాభై ఆరు కిలోల రెజిను, ఇరవై రెండు పనిరోజులు, ఒక మనిషి. ఆ వేసవిలో నరసాపురంలోని మా షెడ్డు పోగొట్టుకున్నవి ఇవి. కాగితం చూడకుండా ఇప్పటికీ చెప్పగలను.

పోయిన నెల నడుంనొప్పికి ఎక్స్‌రే తీయించుకోవడానికి రాజమండ్రి వెళ్ళినప్పుడు ఇవన్నీ మళ్ళీ వరస కట్టాయి. నల్లటి బల్ల మీద పడుకోబెట్టి ఊపిరి బిగబట్టమన్నారు. ఊపిరైతే బిగబట్టాను గాని, నా వేళ్ళు బల్ల అంచు కింద సూదిబెజ్జాలేమైనా తగులుతాయేమోనని తడుముతూనే ఉన్నాయి. "కదలకండి బాబాయ్‌గారూ, మళ్ళీ తీయాల్సొస్తది" అని అక్కడి అమ్మాయి కసిరింది.

అలాంటి బల్లపలకలు ఒకప్పుడు మేమూ చేశాం. చెక్కపడవలు పోయి ఫైబరు పడవలు వస్తున్న కాలం మా తరంవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మా అక్కయ్య భర్త, అంటే మా బావగారు, గోదావరి గట్టుకి దగ్గర్లో ఫైబరు పడవల షెడ్డు నడిపేవారు. పదో తరగతితో చదువు ఆపేసిన నేను అక్కడ స్టోరు చూసేవాణ్ణి. లెక్కలంటే ఉన్న పిచ్చితో ఏ సరుకు ఎంత వేడికి ఎన్ని నిమిషాల్లో గడ్డకడుతుందో రాసుకుంటూ ఉండేవాణ్ణి కనక నన్ను అందరూ లెక్కల మేష్టారు అనేవారు. ఆ పిలుపంటే నాకు లోపల ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పుకోలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మద్రాసు కంపెనీ ఒకటి ఎక్స్‌రే బల్లలకి ఇరవై కార్బన్ పలకలు చేసిపెట్టమని అడిగింది. ముప్ఫై అయిదు పలకలకి సరిపడా గుడ్డ వాళ్ళే పంపారు. అచ్చుకి మైనం రాసి, గుడ్డ పొరలు పొడిగా పరిచి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు జిగురుటేపుతో మూసి, పంపుతో లోపలి గాలంతా లాగేస్తే, గొట్టంలోంచి రెజిను, అంటే తర్వాత గడ్డకట్టే జిగురు ద్రవం, తనే పాకుతూ వెళ్ళి గుడ్డని తడుపుతుంది. మర్నాడు పలక ఊడదీస్తే అద్దంలా ఉండాలి. సూదిబెజ్జాలు పలక మొత్తం మీద పదికి మించకూడదని షరతు, ఎందుకంటే ఆ బెజ్జాలు ఫిల్ము మీద మచ్చలై రోగి ఒంట్లో లేని జబ్బుని చూపిస్తాయట.

గుడ్డ పరవడానికి మా వీధిలో లేసు అల్లే పిన్నిగారిని పిలిచాం. చుట్టం కాదు, వీధంతటికీ పిన్నిగారే. దారం ఒక్క పోగు పక్కకి జరిగినా ఆవిడ వేళ్ళకి తెలిసిపోయేది. ఇంట్లో జరుగుబాటుకి ఆ పని ఆవిడకి ఎంత అవసరమో మాకు తెలుసు. మొదటిరోజు నల్లగుడ్డ చేతిలోకి తీసుకుని, "దీనికి తెల్లదారంతో అంచు కుడితే ఎంత బావుంటాదో" అని నవ్వించారు.

మొదటి పలకకి అరవై మూడు బెజ్జాలు. రెండోదానికి డెబ్భై ఒకటి. సుద్దపొడి రుద్ది, గళ్ళకాగితం పరిచి, గడి గడికీ లెక్కపెట్టాను. పంపు ముల్లు అరగంట కదలకుండా నిలబడింది కనక గాలి కారడం లేదు. టేపు మార్చాం, మైనం మార్చాం, గొట్టం దిశ మార్చాం. తేదీ, వేడి, పంపు ముల్లు, రెజిను తూకం, పట్టిన నిమిషాలు, గుడ్డ పరిచినవారు, బెజ్జాలు, అన్నిటికీ రిజిస్టరులో గడులు గీశాను. తొమ్మిదో పలక కూడా పోయేసరికి బావగారు అన్నం సరిగ్గా తినడం మానేశారు. కంపెనీ ఇంజనీరు ఫోను మోగితే అక్కయ్యని తీయమనేవారు.

అన్నీ కొట్టేస్తూ వస్తే నా లెక్కలో చివరికి చేతులే మిగిలాయి. చెమటకి లేసుదారం మాసిపోకుండా పిన్నిగారు వేళ్ళకి పౌడరు అద్దుకునేవారు. ఆ డబ్బా ఆవిడ చాప పక్కన కనిపించింది. ఆ పొడే గుడ్డలో పడి బెజ్జాలవుతోందనుకున్నాను. అంతే, తొమ్మిది వరసలకీ ఎదురుగా "చేతి తప్పు" అని ఎర్రసిరాతో రాసి, రిజిస్టరు బావగారి ముందు పెట్టాను.

"ఆవిడ చెయ్యేంట్రా? నీకేమన్నా మతిపోయిందా?" అన్నారు.

"నేను అనట్లేదండి బావగారూ, లెక్క అంటోంది."

మర్నాడు ఆవిడని మానిపించేశాం. డబ్బా కొంగులో చుట్టుకుని ఆవిడ వెళ్ళిపోయారు.

తర్వాత వేరేవాళ్ళు, ఉతికిన చేతితొడుగులు వేసుకుని మరీ అయిదు పలకలు పరిచారు. ఎనభై, డెబ్భై ఆరు, ఎనభై నాలుగు... బెజ్జాలు తగ్గలేదు సరికదా పెరిగాయి. ఇక ఇరవై ఒక్క పలకలకే గుడ్డ మిగిలింది. ఇవ్వాల్సినవి ఇరవై.

ఆ వారంలోనే సముద్రంలో వేట ఆపే రోజులు వచ్చి, బోట్లు కట్టేసి, ఐసు ఫ్యాక్టరీ మూసేశారు. ఐసు లేకపోతే మా పని ఆగిపోయినట్టే, ఎందుకంటే మా ఎండలకి కలిపిన రెజిను పాతిక నిమిషాలకే గడ్డకట్టేది, పలక నిండటానికి అరగంట పైనే కావాలి. పడవల పనిలో అందరూ చేసినట్టే నేనూ మొదటి పలక నుంచీ రెజిను బకెట్టుని చేపల ఐసు తొట్టిలో దింపి నలభై నిమిషాలు సాధిస్తూ వచ్చాను. పడవకి ఎలాగూ పైన రంగు పడుతుంది కనక అక్కడ ఎవరికీ ఏ లోపమూ కనిపించలేదు. ఇప్పుడు ఐసు లేదు కాబట్టి, ఎండ ఎక్కకముందే, తెల్లవారగట్ల, రెజిను రెండు విడతలుగా కలిపి పోశాం.

మర్నాడు పలక ఊడదీసి లెక్కపెట్టాను. నాలుగు. నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగే.

బావగారు పలకని ముద్దుపెట్టుకున్నంత పని చేశారు. నేను మాత్రం రిజిస్టరు ముందు కూలబడ్డాను. అందులో అందరి పనికీ గడి ఉంది, ఐసుకి లేదు. అది నా పని. నా పనిని నేను లెక్కలోకే తీసుకోలేదు. పక్కవాళ్ళ షెడ్డులో మిగిలిన గుప్పెడు ఐసు అడిగి తెచ్చి, ముక్కగుడ్డల మీద రెండు రకాలుగానూ చేసి చూశాను. చల్లబడిన బకెట్టు లోపలి గోడకి, మన గోదావరి గాలిలోని చెమ్మంతా చుక్కలు చుక్కలుగా పట్టింది. ఆ నీళ్ళే రెజినులో కలిసి, పంపు లాగినప్పుడు బుడగలై, బెజ్జాలయ్యాయి. ఐసులో పెట్టిన రెజిను పోసిన గుడ్డముక్కకి జల్లెడలా పడ్డాయి, రెండోదానికి ఒక్కటీ లేదు.

బావగారికి చెప్పాను. "అయితే లెక్కల మేష్టారూ, ముందెళ్ళి పిన్నిగారిని తీసుకురా. వచ్చేదాకా నువ్వూ రాకు" అన్నారు.

వెళ్ళాను. ఆవిడ అరుగు మీద లేసు అల్లుతూ, నన్ను చూసి లేచి మజ్జిగ తెచ్చిచ్చారు. నేను నోరు తెరిచేలోపే, "పలకలు బాగా వస్తున్నాయా బాబూ?" అని అడిగారు.

"వస్తున్నాయండి" అన్నాను.

"హమ్మయ్య. నా చెయ్యి తీసేశాకే బాగుపడ్డాయన్నమాట. పోన్లే బాబూ, మీ పని గట్టెక్కింది, అదే పదివేలు" అంటూ తన వేళ్ళ వంక చూసుకున్నారు.

లెక్కల మేష్టారు తప్పు లెక్క వేశాడని నా నోటితో అనలేకపోయాను. మజ్జిగ తాగేసి వచ్చి, రానన్నారండి అని బావగారికి అబద్ధం చెప్పాను.

ఇరవై పలకలూ గడువులోపే వెళ్ళాయి. ఇప్పుడు గాలిలో చెమ్మ ఎంతుందో గోడమీది డబ్బానే చూపిస్తుంది, తప్పెక్కడుందో కంప్యూటరు చెబుతుంది, మనుషుల్ని అనుమానించే అవసరం తగ్గింది. మంచిదే. పిన్నిగారు పోయి చాలా ఏళ్ళయింది. చివరిదాకా ఆవిడ తన చేతులదే దోషమని నమ్మే ఉంటారు. ఆవిడ వెళ్ళాక చెడిన అయిదూ నావేనని రాయడానికి నాకు చెయ్యి రాకపోలేదు. కానీ ఆవిడ పేరు మీద ఎర్రసిరాతో రాసినవి, ఎదురుగా నిలబడి ఒక్కొక్కటీ నాదేనని ఆవిడకి చెప్పుకోవాల్సినవి, ఈ రోజుకీ తీరకుండా అలాగే ఉన్నాయి. తొమ్మిది.