గేట్ల భాయి చేసిన సైకిలు

డిగ్రీ చేతికొచ్చి, దాని వెనకే ఏదో ఒక కొలువు కూడా దొరికిన ఆ కొత్తల్లో, కన్నవాళ్లంత అమాయకులు లోకంలో లేరనిపిస్తుంది. నాకైతే మరీనూ. మా ఊరు కోటకు అవతల, సముద్రం వైపు, రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో నాకు ఉద్యోగం. తెల్లారేసరికి రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకుని వచ్చి నిలబడేవారు. ఆరింటికల్లా నేను అక్కడ ఉండాలి (గుంటలో ఆక్సిజన్ తగ్గితే రొయ్య నా కోసం ఆగదు కదా). నన్ను తీసుకెళ్లాల్సిన షేర్ ఆటో మాత్రం జనం కిక్కిరిస్తే తప్ప కదిలేది కాదు. ఒకటికి రెండుసార్లు ఆలస్యమయ్యేసరికి మా ఇన్‌చార్జి సారు "ఇంకొక్కసారి లేటయితే ఇంక రాబల్లేదమ్మాయ్" అని తేల్చి చెప్పేశారు. ఉద్యోగం పోతే నాకు సిద్ధంగా ఉన్నది సూళ్లూరుపేటలో మా మేనత్త గాజుల కొట్టు. అమ్మ అప్పుడే ఆవిడతో మాట్లాడేసింది కూడా. రోజంతా ఊళ్లో ఆడవాళ్ల చేతులు పిసుకుతూ, "చెయ్యి వదులుగా పెట్టక్కా, ఇంకొంచెం వదులుగా" అంటూ బతకడం తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

మా పెరట్లో చిన్నాన్న కొడుకు వదిలేసిపోయిన గేర్ల సైకిలు ఒకటి పడి ఉండేది. దాన్ని మౌంటెన్ బైకు అంటారు (కోట చుట్టుపక్కల కొండ ఎక్కడుందని కొన్నవాడూ అడగలేదు, అమ్మినవాడూ చెప్పలేదు). ఉప్పుగాలికి గేర్లన్నీ బిగుసుకుపోయాయి కానీ ఇనుప ఫ్రేము మాత్రం రాయిలా ఉంది. ఫోన్లో వీడియోలు చూస్తే, ఎక్కడెక్కడివాళ్లో ఇలాంటి సైకిళ్లకే గేర్లన్నీ ఊడబీకి, ముందొక పళ్లచక్రం, వెనకొక పళ్లచక్రం ఉంచి, మడ్‌గార్డులూ క్యారియరూ ఏమీ లేకుండా బోసిగా, ఎంతో అందంగా తయారు చేసుకుంటున్నారు. నాకూ అలాంటిదే కావాలని నాయనకు చూపించాను. మా నాయన ఊళ్లో సగం ఇళ్లకు ఇనుప గేట్లు చేసిన మనిషి. అందరూ గేట్ల భాయి అంటారు. వీడియో అంతా ఓపిగ్గా చూసి, "దీనిదేముందిలే పాపా, ఆదివారానికి చేసిచ్చేస్తా" అన్నాడు. ఆ మాటకే నేను భయపడి ఉండాల్సింది.

మొదటి సగం బాగానే జరిగింది. గేర్ల సామానంతా తీసి అవతల పారేశాం. వెనక మామూలు సైకిలుకుండే ఒంటి పళ్లచక్రం, అదే ఫ్రీవీలు, బిగించాం. చైను వదులైతే చక్రాన్ని వెనక్కి లాగి బిగించుకునేలా నాయన ఫ్రేముకు గాడి కోశాడు. ముందు ఉన్న మూడు పళ్లచక్రాల్లో పెద్దదే ఉంచాలన్నాను నేను, పెద్దదైతే స్పీడు వస్తుందని. పెద్దదైతే గట్టిగా ఉంటుందని ఆయనా ఒప్పుకున్నాడు. తండ్రీ కూతుళ్లకు మాట కలిసింది ఆ ఒక్క విషయంలోనే, అందులోనూ ఇద్దరమూ తప్పే. ఆ తర్వాత నన్ను టీ తెమ్మని పంపించి, తన పని తాను మొదలుపెట్టాడు. నాయన దృష్టిలో ఇనుము రెండే రకాలు: బరువైనది, మోసం చేసేది. నేను తిరిగొచ్చేసరికి సీటు కింద గేటు పైపు, వెనక బస్తా మోసేంత క్యారియరు, చైను మీద మూతలా ఓ గేటుకు చేయగా మిగిలిన ఇనుప పువ్వూ రెండు ఆకులూ. బండి మొత్తానికీ ఎర్ర ప్రైమరు కొట్టి, పువ్వుకు మాత్రం వెండి రంగు వేశాడు. అమ్మ దాన్ని గడప దాటించబోయి నడుం పట్టుకుని కూర్చుంది. "ఏందయ్యా ఇది? సైకిలా, బీరువానా?" అంది. నాయన పొంగిపోయాడు.

నేను కుమిలిపోయాను. రెండు రోజులు తొక్కేసరికి తొడలు పట్టేశాయి. దారిలో ఎవరో "పాపా, గేటేసుకొని యాడికి పోతుండావు?" అని అడిగారు. ఆ అదనపు ఇనుమంతా కోయించేద్దామని నాయనకు తెలియకుండా బస్టాండు దగ్గర వెల్డింగు అన్న దగ్గరికి తోసుకుపోయాను. ఆయన సైకిలు చుట్టూ తిరిగి, అతుకుల మీద వేలు పెట్టి చూసి, మిషను ఆపేశాడు. "మీ నాయన బతికుండగా ఆయనేసిన అతుకు నేను కోస్తే, రేపు నా అతుకు ఇంకొకడు కోస్తాడు. మా పనిలో అట్టా చేయం పాపా. పో, ఇంటికి పో" అన్నాడు. పైగా టీ ఇప్పించాడు. టీ తాగి, ఉన్న ఇనుమంతా ఉన్నట్టే తొక్కుకుంటూ వచ్చేశాను.

మర్నాడే వాయుగుండం. తెల్లవారుజామున లేచేసరికి వాన, ఎదురుగాలి. ఆటోలు లేవు. సెలవు పెట్టమంది అమ్మ. ఆమె గొంతులో గాజులు గలగలలాడినట్టు వినిపించి, సైకిలెక్కేశాను. ఆ పెద్ద పళ్లచక్రం పుణ్యమా అని ఎదురుగాలిలో ఒక్కో తొక్కుడుకూ ప్రాణం పోయి వచ్చింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, బురదలో మోటారు సైకిళ్లు పక్కకు జారి పడుతుంటే, నా బండి మాత్రం తూలకుండా నిటారుగా సాగిపోయింది. కాలువ వంతెన ఎక్కడం దాని వల్లా కాలేదు, నా వల్లా కాలేదు. దిగి తోశాను. దిగుడులో మాత్రం దానికి ఎక్కడలేని హుషారు వచ్చింది. తడిసిన బ్రేకులు పట్టలేదు. ఎదురుగా ల్యాబు గేటు, నెల్లూరు నుంచి సారు ముచ్చటపడి తెప్పించిన సరికొత్త గేటు, మూసి ఉంది.

లేచి చూస్తే నేను బురదలో ఉన్నాను, గేటు అప్పడంలా వంగి ఉంది, సైకిలుకు గీత కూడా పడలేదు. చూరు కింద సీసాలతో నిలబడ్డ రైతులు నవ్వాలో వద్దో తెలియక సారు వైపు చూశారు. సారు గొడుగేసుకుని వచ్చి గేటును చూశారు, వాచీ చూసుకున్నారు. "టైముకే వచ్చినావు. గేటు తీసేదాకా ఆగాల్సింది. రేపు మీ నాయన్ని తోలుకొని రా" అన్నారు. నా పని అయిపోయిందనుకుని, ఏడుస్తూనే ఆ పూట సీసాలన్నీ పరీక్ష చేశాను.

మర్నాడు నాయన వచ్చి, చేతులు కట్టుకుని, "తప్పు నా బిడ్డది కాదు సారూ, నేను చేసిన బండిది. గేటు నేను కొత్తది చేసిస్తా. బిడ్డ కొలువు మాత్రం తీయబాకండి" అన్నాడు. ఆయన ఒకరి ముందు అలా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. సారు నొచ్చుకున్నారు. "అంత వానలో నిన్న నా స్టాఫులో వచ్చింది ఈ పిల్లొకతే భాయ్. తీసేస్తే సీసాలు నేను కడుక్కోవాల్నా? గేటు చేసిస్తావా అని అడగడానికే రమ్మన్నా" అన్నారు.

ఇంటికి సైకిలు తోసుకుంటూ నడిచాం. సగం దారిలో నాయన నెమ్మదిగా, "బరువు ఎక్కువైనట్టుండాది కదా పాపా?" అని అడిగాడు. అవునన్న జవాబు నాలుగు రోజులుగా నా నోట్లో నలుగుతూనే ఉంది. అయినా "లేదు నాయనా, సరిగ్గా సరిపోయింది" అన్నాను. ఆ ఒక్క మాటకు కట్టుబడి రెండేళ్లు తొక్కాను. ఇప్పుడు నాకు స్కూటీ ఉంది, బటను నొక్కితే చాలు కదులుతుంది. ఆయాసం లేకుండా ల్యాబు చేరుకున్నప్పుడల్లా, అంత ఇనుమునూ తొక్కుతూ, అబద్ధమాడినందుకు మురిసిపోతూ వెళ్లిన అప్పటి ఆ పిల్లను తలుచుకుని నాకు కొంచెం కుళ్లుగానే ఉంటుంది.