చుక్కల్లోకి పోయినాయన

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వస్తే చూశాను, పిల్ల కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి. కాలేజీలో ఏం జరిగిందో ఏమోనని దగ్గరికి లాక్కున్నాను. అడగ్గా అడగ్గా చెప్పింది, అంతరిక్షంలో తిరిగే మనుషుల సీరియల్ ఏదో ఫోన్లో చూస్తోందట, ఆ సీజన్ ఆఖరి భాగంలో తనకిష్టమైన మనిషిని చంపేశారట. నవ్వకు నానమ్మా అంది. నేను నవ్వలేదు. ఈ విషయంలో నవ్వే హక్కు మా ఆర్మూర్‌లో ఇంకెవరికైనా ఉందేమో గానీ నాకు మాత్రం లేదు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఎనభైల చివర్లో మా వాడకట్టులో ఇంటికొక మగవాడు దుబాయ్‌లో ఉండేవాడు. మస్కట్ అయినా, కువైట్ అయినా మాకు అన్నీ దుబాయే. మా ఆయన కూడా పెళ్ళయి ఏడాది తిరక్కుండానే వెళ్ళిపోయాడు. ఆయన బస్సెక్కిన రోజున అత్తమ్మ రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది, తోటికోడలు ఏడ్చింది, నేను మాత్రం సంచి అందించి పక్కకు నిలబడ్డాను. ఏడుపు రాలేదు, ఏం చేయను. నిజం చెప్పాలంటే ఆయనకు కూరలో కారం ఎక్కువ కావాలో తక్కువ కావాలో కూడా నాకు అప్పటికి సరిగ్గా తెలియదు.

తర్వాత ఆయన గొంతు క్యాసెట్లలో వచ్చేది. లీవు మీద వచ్చేవాళ్ళ చేతికి ఇచ్చి పంపేవాడు. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్ళం. అమ్మకు మోకాళ్ళ నొప్పులెట్లున్నాయి, అన్నా పసుపెంత పెట్టిండ్రు, అన్నీ అడిగి, చివర్లో అందరూ మంచిగున్నరనుకుంట అనేవాడు. ఆ అందరిలో నేనూ ఉన్నాననుకుని లేచి వంటింట్లోకి పోయేదాన్ని. పదిమంది వినే క్యాసెట్లో పెళ్ళాన్ని పేరు పెట్టి పలకరించే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికుంది లెండి.

అలాంటి రోజుల్లోనే ఆయన ఎవరి సామానుతోనో టీవీ పంపాడు, దాంతోపాటే నా పిచ్చీ మొదలైంది. ఆదివారం పొద్దున హిందీలో ఒక సీరియల్ వచ్చేది. ఒకాయన రాకెట్టెక్కి ఎక్కడో చుక్కల దాకా పోతాడు, భార్య భూమి మీద ఉంటుంది. అంత దూరం నుంచి అతని మాట ఆమెకు చేరడానికి నెలలు పడుతుంది. దేవుళ్ళ సీరియల్ అయిపోగానే వాడకట్టంతా లేచిపోయేది, ఈ రాకెట్టు గోల ఎవరికీ పట్టేది కాదు. నేనొక్కదాన్నే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చునేదాన్ని. అతను మాత్రం ప్రతివారం భార్యను పేరు పెట్టి పిలిచేవాడు, ఇవాళ ఏం వండావని అడిగేవాడు. ఆమె కంటే ముందు నేను జవాబు చెప్పేదాన్ని, పైకే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

ఆఖరి భాగం వచ్చిన ఆదివారం మా ఇంట్లో పసుపు ఉడకబెడుతున్నారు. ఇంటి వెనకే కల్లం. అత్తమ్మ, బావగారు, తోటికోడలు, కూలివాళ్ళు అందరూ కడాయి దగ్గరే ఉన్నారు. నేను వంట వంక పెట్టి టీవీ ముందు కూర్చున్నాను. ఆ రాకెట్టు కాలిపోయింది. మనిషి బూడిదైపోయాడు. అయినా అతని మాటలు దారిలో ఉన్నాయి గదా, అవి భూమికి వస్తూనే ఉన్నాయి. భార్య కొంగు సర్దుకుని నవ్వుతూ వింటోంది. ఇవాళ ఏం వండావన్నాడు. బెండకాయ అంది. అంతే, సీరియల్ అయిపోయింది.

నేను ఎంత గట్టిగా అరిచి ఏడ్చానో నాకే తెలియదు. మగడు దుబాయ్‌లో ఉన్న ఆడది ఇంట్లో గొంతెత్తి ఏడ్చిందంటే మా వైపు దానికి ఒక్కటే అర్థం. అత్తమ్మ పసుపు చేతులతోనే పరుగెత్తుకొచ్చి నా చెంపలు, భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఏమైందే పిల్లా, నా కొడుకుకేమైంది?" నాకు వెక్కిళ్ళు ఆగలేదు. చెయ్యెత్తి టీవీ వైపు చూపించాను. అక్కడ అప్పటికి వార్తలు మొదలయ్యాయి.

ఇక చెప్పేదేముంది! విమానం కూలిందని ఒకరన్నారు. బావగారు ఫోన్ కోసం సైకిలెక్కి మార్కెట్లో మా పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణానికి పరుగు తీశాడు. అత్తమ్మ నేల మీద పడిపోయింది. వెనకింటి పెద్దమ్మ గడపలోనే కూలబడి, ఎడారిల ఒక్కనివే పోతివా కొడుకా అని శోకం ఎత్తుకుంది. ఇల్లు నిండిపోయింది. నాకు అప్పుడుగానీ జరుగుతున్నదేమిటో తెలియలేదు.

"గాయన కాదు అత్తమ్మా," అన్నాను. "టీవీల గాయన. చుక్కలల్లకు పోయినాయన."

పెద్దమ్మ శోకం మధ్యలో ఆగిపోయింది. తోటికోడలు ముందు నోరు తెరిచి, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుంది. భూమి చీలితే బాగుండుననిపించడం ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అత్తమ్మ మెల్లగా లేచింది. నా చెంపలకంటిన పసుపు చూసి, కొంగుతో తుడిచి, అందరి వైపూ తిరిగింది. "మొగడు యాదికచ్చిండు పిల్లకు. దానికి ఏడ్వద్దా? పోండ్రి, పోయి పని జూస్కోండ్రి."

అందరూ పోయాక ఒక్క మాటంది. "వాడు బస్సెక్కిననాడు నీ కండ్లల్ల సుక్క నీళ్ళు లేకపాయె." అంతే, మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. కల్లంలో మంట ఎవరూ చూసుకోక కడాయిలో పసుపు కొమ్ములు ముద్దయిపోయాయి. ఆ సంగతీ ఎత్తలేదు.

కానీ మేము ఆయనకు పంపిన తర్వాతి క్యాసెట్లో అత్తమ్మ కొడుకుతో చెప్పింది, నీ పెండ్లాం నిన్ను యాదిచేసుకొని వాడకట్టంత ఇనేటట్టు ఏడ్సింది కొడుకా అని. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. టేప్ తిరుగుతూనే ఉంది. నా వంతు వచ్చినప్పుడు మంచిగున్న అని మాత్రమే అన్నాను. ఆయన దగ్గర నుంచి వచ్చిన జవాబు క్యాసెట్లో అమ్మ మోకాళ్ళకంటే, అన్న పసుపుకంటే ముందు నా పేరు వినబడింది. ఏం వండుతున్నవని అడిగాడు. ఆ మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది ఆ రోజే. దొంగ ఏడుపుకి దక్కిన పిలుపు అది, అందుకే ఇన్నేళ్ళూ ఆ ప్రేమలో సిగ్గు కలిసే ఉంది.

మొన్న పెరట్లో మనవరాలి కళ్ళు చూసి ఆయన కూడా వచ్చాడు. సంగతి విని, గిదేం ఏడుపు, మీ నానమ్మ నా కోసం ఏడ్సిన ఏడుపుకు కల్లమే ఆగింది అని మళ్ళీ అదే కథ మొదలుపెట్టాడు. మీసం కింద ఈ కథకు ఎప్పుడూ వచ్చే నవ్వే. నేను తల వంచుకుని కూర చూసే వంకతో లోపలికి పోయాను.

ఇప్పుడు ఏ దేశంలో ఉన్నవాడైనా ఫోన్లో ముఖం చూపిస్తాడు, మాట దారిలో ఉండిపోయే బాధే లేదు. మనవరాలు పక్క గదిలోనే ఏడ్చింది, చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని, మెల్లగా, ఎవరికీ వినబడకుండా. మధ్యలో ఒక్క గోడే ఉన్నా మాకు తెలియలేదు. ఆ రాకెట్టాయన ముఖం నాకిప్పుడు సరిగ్గా గుర్తు కూడా లేదు. ఉడుకుతున్న కడాయిని వదిలేసి పరుగెత్తుకొచ్చిన వాళ్ళ పసుపు చేతులు మాత్రం గుర్తున్నాయి, ఈ మధ్య వాళ్ళు తలపుకొస్తే ఏడుపొస్తోంది.