బర్రెకు ముందే తెలుసు

కరోనా తగ్గి మా స్టూడియో మళ్లీ తెరిచిన ఏడాది అది. హైదరాబాద్‌లో యానిమేషన్ సినిమాలకు స్టోరీబోర్డ్ గీయడం నా పని. అంటే సినిమా తీయకముందే ప్రతి షాటునూ బొమ్మగా వేసి చూసుకోవడం. ఆ బొమ్మలను వరసగా పేర్చి, తాత్కాలికంగా మాటలూ చప్పుళ్లూ కలిపితే దాన్ని యానిమాటిక్ అంటాం. ఇల్లు కట్టే ముందు సున్నంతో ముగ్గు పోసుకోవడం లాంటిదే ఇదీ. గోడలు లేచాక మార్చాలంటే తల ప్రాణం తోకకొస్తుంది కాబట్టి, తప్పులన్నీ ముగ్గులోనే దిద్దుకోవాలి.

అప్పుడు మా చేతికొచ్చిన కథ గడ్డిదుడ్డె గురించి ఒక పిల్లల పుస్తకం. రాసింది సుజాతగారు, పాతబస్తీ గౌలిపురలో పుట్టి పెరిగిన సర్కారు బడి టీచరు. దుడ్డె, అంటే దూడ, చచ్చిపోతే బర్రె పాలివ్వదు. పాడి మీద బతికేవాళ్లు అప్పట్లో ఆ దుడ్డె తోలులో గడ్డి కూరి, బొమ్మ చేసి, తల్లి ముందు నిలబెట్టేవాళ్లు. బర్రె దాన్ని నాకుతూ పాలు చేపేది. సుజాతగారికి చిన్నప్పుడు ఈ కథ చెప్పింది వాళ్లమ్మ లక్ష్మమ్మగారు.

కథలో నవ్వులు తక్కువయ్యాయని మా డైరెక్టరు ఒక సీను కలిపించాడు. బొమ్మను నిజం దుడ్డె అనుకుని బర్రె మురిసిపోతుంటే, కోళ్లూ మేకలూ చాటుగా నవ్వుతుంటాయి. చివరికి కుట్టు పిగిలి గడ్డి బయటపడగానే బర్రె వెర్రిమొహం వేస్తుంది. గీసింది నేనే. స్టూడియోలో అందరూ పగలబడి నవ్వారు.

పాత కొట్టాలు ఎలా ఉండేవో అడుగుదామని, యానిమాటిక్ కూడా చూపిద్దామని గౌలిపుర వెళ్లాను. ఒకప్పుడు వాళ్ల బర్రెల కొట్టం ఉన్నచోట ఇప్పుడు ఎవరివో బైకులు పెట్టి ఉన్నాయి. డెబ్బై దాటిన లక్ష్మమ్మగారు సుజాతగారి పక్కన ల్యాప్‌టాప్ ముందు బుద్ధిగా కూర్చుని చూశారు. నా నవ్వుల సీను రాగానే మొహం పక్కకు తిప్పుకున్నారు.

"నచ్చలేదా అమ్మా?" అన్నాను.

"బర్రెను గంత ఎడ్డిదాన్ని చేసిన్రేంది బిడ్డా? అది మోసపోదు. వాసన సూస్తది. తన బిడ్డ గాదని మొదటినాడే ఎరుకైతది. ఎరుకయ్యే చేపుతది."

"తెలిసి కూడా ఎందుకిస్తుంది?"

ఆమె కూతురి వైపు చూస్తూ చెప్పారు.

"నీ ఎనక పిలగాడు పుట్టిండు గద. పురుడు చేసి పేరు గూడ పెట్టకముందే పోయిండు. నాకు పాలు గడ్డలు కట్టి రొమ్ములు రాయిలెక్క అయినయ్. మనకాడ పాలు తీస్కపోయే బార్కస్ బస్తీ భాయ్ ఒకాయన ఉండె. ఆయన బీవీ కాన్పుల పోయింది. పసిపోరి డబ్బా పాలు ముడ్తలేదు. మీ నాయినమ్మ ఆ పోరిని తెచ్చి నా ఒళ్లె పెట్టింది. కండ్లు మూస్కో, నీ కొడుకే అనుకో అన్నది. నేను మూస్కోలే. సూస్కుంటనే ఇచ్చిన."

"పాప బతికిందా?" అని అడిగాను.

"బతికింది. పండ్లొచ్చినంక తీస్కపోయిన్రు."

సుజాతగారు తల్లి మోకాలి మీద చెయ్యి వేశారు. "నాకెన్నడు చెప్పలేదేందే అమ్మా?"

"చెప్పిన గద. దినాం పండేటప్పుడు బర్రె కథ చెప్తుంటి."

నాకు ఏడుపొచ్చింది. స్టూడియోకు వెళ్లి ఆ సీను తీసేద్దామంటే డైరెక్టరు ససేమిరా అన్నాడు. పిల్లలకు ఏడుపు సినిమా ఎందుకన్నాడు. ఇద్దరం గట్టిగా లొల్లి పెట్టుకున్నాం. చివరికి కొత్త సీను గీసి పిల్లలకే చూపిద్దామని, వాళ్లు విసుక్కుంటే పాతదే ఉంచుదామని ఒప్పందం కుదిరింది. ఈసారి బర్రె బొమ్మను వాసన చూసి వెనక్కి తగ్గుతుంది. దుడ్డెను మోసుకెళ్లిన తలుపు వైపు చూస్తుంది. మళ్లీ వచ్చి, మెల్లగా బొమ్మ నొసలు నాకుతుంది. మాటల్లేవు, సంగీతం లేదు.

సుజాతగారి బడిలోనే చూపించాం. లక్ష్మమ్మగారు కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. అంతదాకా కోతుల్లా గెంతిన పిల్లలు ఆ సీనుకు గప్‌చుప్ అయ్యారు. ఒక పాప మాత్రం పక్కపిల్లతో, "దానికి ఎరుకేనే, అయినా ముద్దు చేస్తుంది" అంది. డైరెక్టరు నావైపు చూసి తలూపాడు.

ఈ పనిలో ఇన్నేళ్లున్నా, పిల్లల కథ పిల్లల్ని నవ్వించడానికే పుట్టిందని అనుకునేవాణ్ని. కొన్ని కథలు, పెద్దవాళ్లు నేరుగా చెప్పుకోలేని దుఃఖాన్ని పిల్లల పక్కన పడుకుని చెప్పుకోగా పుట్టినవని లక్ష్మమ్మగారి దగ్గర తెలుసుకున్నాను.

సినిమా పూర్తయ్యాక, మొదట్లో వచ్చే పేర్లలో కథకు మూలం అని ఆమె పేరు వేస్తామని చెప్పడానికి వెళ్లాను.

"ఎయ్యుండ్రి. పక్కకు పిలగాన్ని గూడ ఎయ్యుండ్రి" అన్నారు.

"బాబుకు పేరు పెట్టలేదు కదమ్మా."

"పెట్టకుంటేంది? లక్ష్మమ్మ కొడుకు అని ఎయ్యి బిడ్డా. ఒకడుండెనని తెలుస్తది."