వైరు గుంజమన్నదెవరు?

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. చూపు పోయాక అసలే నమ్మలేదు. చీకటికి భయపడేది వెలుతురు ఉన్నవాళ్లు. నాకు పగలూ రాత్రీ ఒకటే. ఇది దయ్యం పనే అని ఇప్పుడు కూడా అనడం లేదు. మా ఇంట్లో ఒక మధ్యాహ్నం జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

నా పేరు యాదగిరి. ఇస్నాపూర్ దగ్గర ఒక చిన్న కార్ఖానాలో లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ని. నీటికాసుల జబ్బుతో తొమ్మిదేళ్ల కింద రెండు కళ్లూ పోయాయి. తర్వాత కంప్యూటర్ నేర్చుకున్నాను. తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. కీబోర్డు మీద నా వేళ్లు, ఎడమ పక్క స్పీకర్లో ఆ మర గొంతు. కంప్యూటరంటే నాకు అంతే.

చిట్కుల్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. నా భార్య సుజాత మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతుంది. నేను ఇంట్లో కూర్చొని, చూపులేని పిల్లల కోసం పాఠాల రికార్డింగులు సరిచేసి హాస్టళ్లకు పంపుతాను. ఆ పాఠాలన్నీ చదివింది భారతి టీచర్ గారు. భర్త ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఐదేళ్లు ఓపిగ్గా చదివారు. తర్వాత గొంతుకు ఆపరేషన్ అయింది. మాట గుసగుసగా మాత్రమే మిగిలింది. ఆ రికార్డింగులు పోతే మళ్లీ చేయడానికి లేదు. అయినా నేను ఇంకెక్కడా కాపీ పెట్టుకోలేదు. అది నా బుద్ధితక్కువ.

ఆషాఢంలో ముసురు పట్టిన రోజది. సుజాత డ్యూటీకి పోయింది. అన్నం తిని కూర్చున్నాను. రేకుల మీద సన్నటి వాన. మెలకువకూ నిద్రకూ మధ్యలో ఉన్నట్టుంది నాకు. దూరంగా ఏదో కంపెనీ సైరన్ మోగితే అది నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించింది.

ఏదో పాట కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతూ ఒక పేజీ తెరిచాను. ఒక్కసారిగా స్పీకర్లో పెద్ద మోత. మర గొంతు చదవడం మొదలుపెట్టింది. మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఆపవద్దు, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. ఏ కీ నొక్కినా ఆ పేజీ పోలేదు. పరేషాన్ అయ్యి ఆ నంబరుకు ఫోన్ చేశాను. స్పీకర్ ఆన్ చేసి ఫోన్ బల్ల మీద పెట్టాను.

అవతల మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. ఏదో ప్రోగ్రాం దింపుకోమన్నాడు, దింపుకున్నాను. అందులో వచ్చే అంకెలు చదవమన్నాడు, చదివాను. దాంతో నా కంప్యూటర్‌ను అక్కడి నుంచే నడిపే వీలు అతనికి దొరికింది.

"మీరిక కీబోర్డు ముట్టుకోకండి సార్. మేము క్లీన్ చేస్తాం" అన్నాడు.

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి మర గొంతు తనంతట తానే పలకసాగింది. పాఠాలు. ఆరో తరగతి. ఏడో తరగతి. సైన్సు. అతను ఏది తెరిస్తే దాని పేరు నాకు వినిపిస్తోంది. మా ఇంట్లో ఎవరో మెల్లగా నడుస్తూ ఒక్కొక్క డబ్బా మూత తీసి చూస్తున్నట్టుంది. అయినా నాకు లేవబుద్ధి కాలేదు. వాన చప్పుడులో ఆ పేర్లు జోలపాటలా ఉన్నాయి.

అప్పుడు నా కుడి పక్క నుంచి, కూర్చున్న మనిషి నోరు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తు నుంచి, ఒక మగ గొంతు మాట్లాడింది.

"వైరు గుంజు."

అరుపు కాదు. పక్కన కూర్చున్నవాడు మామూలుగా చెప్పినట్టు. మాటకు ముందు ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా విన్నాను.

ఫోన్‌లో మనిషి గొంతు మారింది. "మీ పక్కన ఎవరున్నారు సార్? వైరు తీయొద్దని చెప్పండి ఆయనకు."

నేను వంగి, తడిమి, నెట్ వైరు పీకేశాను. మర గొంతు సగం మాటలో ఆగిపోయింది. ఫోన్‌లో అతను ఏదో తిట్టి పెట్టేశాడు.

"ఎవరది?" అని అడిగాను. లేచి కుడి పక్కకు అడుగు వేస్తే మోకాలికి ప్లాస్టిక్ స్టూలు తగిలింది. మా ఇంట్లో ఏ వస్తువు చోటు మారినా నేను తట్టుకుని పడతాను కాబట్టి సుజాత ఏదీ కదపదు. ఆ స్టూలు ఉండేది కిటికీ కింద. ఇప్పుడు నా కుర్చీకి ఆనుకుని ఉంది.

బయట అరుగు మీద పక్కింటి నర్సమ్మ గోకరకాయ తుంచుతోంది. లోపలికి ఎవరైనా వచ్చారా అని అడిగాను.

"బువ్వ తిన్నకాడికెల్లి గీడనే కూసున్న బిడ్డా. పిల్లి గూడ లోపలికి పోలే" అంది. మా ఇంటికి ఇంకో వాకిలి లేదు.

మర్నాడు కంప్యూటర్‌ను పటాన్‌చెరులో ఖలీల్ భాయ్ దుకాణానికి తీసుకుపోయాం. అతను అంతా చూసి, "మంచి టైమ్‌కు వైరు తీసిన్రు అన్నా. ఇంకో నిమిషమైతే మీ ఫైళ్లన్నిటికీ తాళమేసి, తీసెటందుకు పైసలడుగుతుండె. ఏ కంపెనోడు గిట్ల నంబరిచ్చి ఫోన్ చేయమనడు, యాదుంచుకోండ్రి" అన్నాడు. ఆ ప్రోగ్రాం తీసేసి, పాస్‌వర్డులన్నీ మార్పించాడు. పాఠాలు విడిగా ఒక డిస్కులోకి కాపీ చేశాడు. "కాపీ అయినంక డిస్కు తీసి అల్మారల పెట్టుండ్రి. తగిలిచ్చి ఉంచితే దాంట్లకు గూడ పోతడు వాడు" అని చెప్పాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అట్లాగే చేస్తున్నాను. పాఠం ఒక్కటి కూడా పోలేదు.

చేత్తో రాసుకోలేను కనుక నా ఫోన్‌లో మాట్లాడిన ప్రతి కాల్ రికార్డవుతుంది. దుకాణం నుంచి వచ్చిన రాత్రి సుజాతకు ఆ కాల్ వినిపించాను. మర గొంతు పాఠాల పేర్లు చెబుతోంది. తర్వాత కొంచెంసేపు వాన చప్పుడు. నేను విన్న మాట అందులో లేదు. ఆ వెంటనే, మీ పక్కన ఎవరున్నారు సార్ అని అతని గొంతు.

సుజాత మూడుసార్లు పెట్టించుకుని విన్నది. "గిదేంది? ఎవలు మాట్లాడకనే వాడెవలను అడుగుతుండు?" అంది.

నా మనసే అట్లా పలికిందని సరిపెట్టుకుందామని చూశాను. కానీ అవతలి మనిషి కూడా విన్నాడు కదా. మనుషుల్ని గొంతుతోనే గుర్తుపడతాను నేను. ఆ గొంతు మా నాన్నది కాదు, చనిపోయిన చుట్టాలెవరిదీ కాదు, కార్ఖానాలో నాతో పనిచేసినవాళ్లదీ కాదు. దాన్ని అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. బస్సులో, బజారులో ఇప్పటికీ చెవి పెట్టి చూస్తుంటాను.

అతనెవరో గానీ, పెద్ద మేలు చేశాడు. ఒక దండం పెడదామని ఉంటుంది. ఎటు తిరిగి పెట్టాలో తెలియదు.