నిషేధంలో వేటకెళ్లిన తమ్ముడు

ఈ సాయంత్రం హైదరాబాద్ యాప్రాల్‌లోని మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద వాచ్‌మన్ అప్పన్న దిగాలుగా కూర్చుని కనిపించాడు. శ్రీకాకుళం తీరంలో చేపల వేట నిషేధం మొదలవగానే పని వెతుక్కుంటూ ఇక్కడికొచ్చిన జాలరి అతను. ఊళ్లో ఉన్న తమ్ముడు మాత్రం ఇల్లు గడవక, తెల్లవారుజామున దొంగచాటుగా మోటారు పడవలో వేటకు వెళ్లాడట. మధ్యాహ్నం నుంచి అక్కడ గాలివాన. తమ్ముడి ఫోన్ కలవడం లేదు.

"పోలీసోళ్లకు చెప్పరాదు అప్పన్నా, వెతుకుతరు గదా?" అన్నాను.

"సెప్తే పడవ లాగేసుకుంతారు బాబూ. ఆడు తిరిగొచ్చేత్తే, మరి ఏటి తింతాం?"

పైకొచ్చి అక్కడి పోలీసుల నంబరు వెతికి పట్టుకున్నాను గానీ, ఇంకా నొక్కలేదు. మీరైతే ఫోన్ చేసేవారా? త్వరగా చెప్పండి, చీకటి పడుతోంది.